మైలేజీ లెక్కలు



రైలు డ్రైవరుకి జీతం ఎంతొస్తుందని అడిగితే మనవాళ్ళు కొందరు "వాళ్ళకేం బాబూ, లక్షలు" అంటారు. కొందరు "పాపం, తిండీ నిద్రా లేని కొలువు" అంటారు. రెండూ నిజమే. ఆ లక్ష ఎక్కణ్ణించి వస్తుందో, ఎప్పుడు రాకుండా పోతుందో మాత్రం అడిగేవాళ్ళు తక్కువ. నేను రైల్వేలో జీతాల బిల్లులు తయారుచేసే సెక్షనులో చాలా ఏళ్ళు పనిచేశాను. మిగతా శాఖల బిల్లులు మధ్యాహ్నానికి తెమిలిపోయేవి. రన్నింగు స్టాఫు, అంటే బండి నడిపే సిబ్బంది, బిల్లు వచ్చిందంటే మాత్రం, కొత్త గుమాస్తాలు ఏదో ఒక వంక చూసుకుని పక్క సీటుకి మారిపోయేవాళ్ళు. ఆ బిల్లు గురించే ఇవాళ నాలుగు మాటలు.

ముందు మూలవేతనం సంగతి. ఇంజనులోకి మొదటి అడుగు అసిస్టెంటు లోకో పైలట్‌గా, అంటే సహాయ డ్రైవరుగా, పడుతుంది. రైల్వే రిక్రూట్‌మెంటు బోర్డులు 2024లో ఈ పోస్టులకి ప్రకటన ఇచ్చినప్పుడు ముందు 5,696 ఖాళీలన్నారు, ఆ తరవాత వాటినే 18,799కి పెంచారు. మరుసటి ఏడు ఇంకో 9,970. ఐటీఐ చాలు, డిప్లొమా అయినా చాలు అంటారు గానీ, పరీక్ష హాల్లో చూస్తే బీటెక్కు చదివినవాళ్ళే బోలెడుమంది. రెండు రాతపరీక్షలూ ఆప్టిట్యూడు పరీక్షా గట్టెక్కాక కంటిపరీక్ష దగ్గర అసలు వడపోత మొదలవుతుంది. కళ్ళజోడు లేకుండా రెండు కళ్ళకీ చూపు సిక్స్ బై సిక్స్ ఉండాలి. లేజరు ఆపరేషన్ చేయించుకుని చూపు తెచ్చుకున్నా ఒప్పుకోరు. ఇన్ని దాటి వచ్చినవాడి మూలవేతనం ఏడో వేతన సంఘం లెక్కలో రెండో లెవెలు. అంటే 19,900 రూపాయలు. ఆఫీసులో ఫ్యాను కింద కూర్చునే జూనియరు క్లర్కుదీ అదే లెవెలు.

కొన్నేళ్ళకి ప్రమోషన్లు వస్తాయి. గూడ్సు లోకో పైలట్ అయితే ఆరో లెవెలు, 35,400తో మొదలు. అక్కణ్ణించి ప్యాసింజరు, ఆ తరవాత మెయిలు, ఎక్స్‌ప్రెస్సు. వినడానికి మెట్టు మీద మెట్టులా ఉంటుంది గానీ, మూడింటికీ లెవెలు ఒకటే. మెయిలు డ్రైవరుకి నెలకింత అని ఓ అదనపు భత్యం కలుస్తుంది, అంతే. రెండు వేల మంది ప్రాణాలు వెనకాల కట్టుకుని గంటకి 130 కిలోమీటర్ల వేగంతో పోయే మనిషి మూలవేతనం, బొగ్గు బండి నడిపేవాడి మూలవేతనం ఒకే మెట్టు మీద ఉంటాయని చెబితే చాలామంది నమ్మరు.

మరి లక్ష ఎక్కడిది? అందులో కొంత పట్టాల మీదిది. డ్రైవరు నడిపిన ప్రతి కిలోమీటరుకీ డబ్బు కడతారు. కాగితం మీద దాని పేరు కిలోమీటరేజి అలవెన్సు. మైళ్ళు పోయి కిలోమీటర్లు వచ్చి ఇన్నేళ్ళయినా రైల్వే కాలనీల్లో ఇప్పటికీ మైలేజీ అనే అంటారు. నేనూ అలాగే అంటాను. ఈ మైలేజీ రేటు ఒకప్పుడు నూరు కిలోమీటర్లకి సుమారు 255 రూపాయలుండేది. ఏడో వేతన సంఘం జీతాలు 2016 జనవరి నుంచి అమలైనా మైలేజీ రేటు ఎవరికీ తెగలేదు. తేలేసరికి 2019 జనవరి వచ్చింది. నూరు కిలోమీటర్లకి దాదాపు 520 రూపాయలు చేశారు. 2017 జులై నుంచి లెక్కగట్టి బకాయిలు ఇచ్చారు. దాంతో ఈ పద్దు కింద రైల్వేకి ఏటా అయ్యే ఖర్చు 1,150 కోట్ల దగ్గర్నుంచి 2,460 కోట్లకి పోతుందని అప్పట్లో అంచనా కట్టారు. అసిస్టెంటు రేటు దీనికంటే తక్కువ.

ఇప్పుడు చిక్కుముడి దగ్గరికి వద్దాం. రైల్వేలో మిగతా ఉద్యోగులు పనిమీద ఊరు వెళితే రోజుకింత అని ప్రయాణ భత్యం, అంటే టీఏ, ఇస్తారు. డ్రైవరు ఉద్యోగమే ఊరు వెళ్ళడం. అందుకని ఆయనకి టీఏ లేదు. ఆ టీఏ, చేసిన పనికి కూలి, రెండూ కలిపి ముద్ద చేసి మైలేజీ అన్నారు. అందులో కూలి వాటా ఎంత? మూలవేతనంలో 30 శాతం అని 1980 నాటి రన్నింగు అలవెన్సు కమిటీ తేల్చింది. దీనికి పే ఎలిమెంటు అని పేరు. ఈ 30 శాతాన్ని డ్రైవరు చేతిలో విడిగా పెట్టరు, ఎందుకంటే అది మైలేజీలో ఉన్నట్టే లెక్క. కానీ కరువు భత్యం, ఇంటద్దె లెక్కించేటప్పుడు మాత్రం మూలవేతనానికి దాన్ని కలుపుతారు. కొత్త గుమాస్తా పక్క సీటుకి పారిపోయేది సరిగ్గా ఇక్కడే.

కాగితం పెన్సిలు ఉన్నవాళ్ళు నాతో పాటు వేసి చూడండి. విజయవాడలో కొత్తగా గూడ్సు లోకో పైలట్ అయిన మనిషిని తీసుకుందాం. మూలవేతనం 35,400. దానికి 30 శాతం కలిపితే 46,020. కరువు భత్యం 2025 జులై నాటి లెక్కలో 58 శాతం, అంటే 26,692 రూపాయలు. విజయవాడలో ఇంటద్దె 20 శాతం, అంటే 9,204. మూలవేతనం, కరువు భత్యం, అద్దె, మూడూ కలిపితే 71,296. ఇంతవరకూ బండి ఎక్కకుండా వచ్చేది. నెలకి నాలుగు వేల కిలోమీటర్లు నడిపితే, 520 రేటుకి 20,800. మొత్తం 92 వేల పైమాట. రాత్రి డ్యూటీ భత్యం, ఓవర్‌టైము, పండగ రోజు పనిచేస్తే వచ్చేది కలుపుకుంటే "లక్ష" అనే మాటలో అబద్ధం లేదని ఒప్పుకోవాలి. కోతలు కూడా ఉంటాయి, వాటి జోలికి పోను. ఇంక్రిమెంట్లు పడిన సీనియరు మెయిలు డ్రైవరుకి ఇంతకంటే బాగానే వస్తుంది.

అయితే ఆ నాలుగు వేల కిలోమీటర్లు ఎలా పడతాయన్నది చూడాలి.

రాత్రి పదింటికి సిబ్బంది లాబీకి వచ్చి డ్యూటీలో చేరినట్టు సైన్ ఆన్ అవుతాడు గూడ్సు డ్రైవరు. యంత్రంలో ఊపిరి ఊది, తాగలేదని నిరూపించుకుంటాడు. దారిలో ఎక్కడెక్కడ నెమ్మదిగా వెళ్ళాలో రాసిన కాషన్ ఆర్డరు తీసుకుంటాడు. వాకీటాకీ పుచ్చుకుని, బ్యాగు లాక్కుంటూ యార్డులో ఇంజను ఎక్కడుందో వెతుక్కుంటూ కంకర మీద నడుస్తాడు. 58 వ్యాగన్ల బొగ్గు రేకు. బ్రేకులో గాలి చివరి పెట్టె దాకా వెళ్ళిందో లేదో చూసుకోవాలి. ఇదంతా అయ్యేసరికి గంట దాటుతుంది. మైలేజీ ఇంకా సున్నా. బయల్దేరమనే స్టార్టరు సిగ్నలు ఎప్పటికో పడుతుంది. గన్నవరం దాటి తేలప్రోలులో మెయిను లైను పక్కనుండే లూపు లైన్లో పెడతారు. ఓ ఎక్స్‌ప్రెస్సు పోతుంది. దాని వెనకే ఇంకోటి ఉందంటారు. అదీ పోతుంది. మెయిను లైను ఖాళీ అయిందనుకుంటే, ముందు సెక్షనులో ఏదో పని జరుగుతోందని కంట్రోలు రూము చెబుతుంది. ఇంజనులో కూర్చున్న ఇద్దరూ నిద్రపోకూడదు, దిగి పోకూడదు, సిగ్నలు మీంచి చూపు తిప్పకూడదు. తెల్లారి ఏడింటికి రాజమండ్రి చేరితే, విజయవాడ నుంచి అక్కడికి 150 కిలోమీటర్లు. 780 రూపాయలు. అదే దూరం, తేలప్రోలులో ఈయన పక్కనుంచి దూసుకుపోయిన ఎక్స్‌ప్రెస్సు డ్రైవరుకి రెండు గంటల పైచిలుకు పని.

మన దేశంలో సరుకు బండ్ల సగటు వేగం చాలాకాలంగా గంటకి పాతిక కిలోమీటర్ల దగ్గరే ఆడుతోంది. మొత్తం మీద సగటే అలా ఉంటే, లూపుల్లో ఇరుక్కున్నవాడి సంగతి మీరే ఊహించుకోండి. అటు 2023 జనవరి 15న సికింద్రాబాదు, విశాఖల మధ్య వందేభారత్ మొదలైంది. విశాఖ నుంచి విజయవాడ 350 కిలోమీటర్లు నాలుగు గంటల్లో లాగేస్తుంది. 520 రేటు వేసుకుంటే 1,820 రూపాయలు. అందుకే సీనియారిటీ రాగానే అందరి కన్నూ మెయిలు లింకు మీద, అంటే ముందే వేసిపెట్టిన డ్యూటీ పట్టిక మీద, పడుతుంది. గూడ్సుకి లింకంటూ ఉండదు, పిలుపు ఎప్పుడొస్తే అప్పుడే బయల్దేరాలి. పిల్లవాడి పుట్టినరోజుకి ఇంట్లో ఉంటాడో లేదో ఆ పొద్దున కూడా తెలీదు.

నిలబెట్టిన గంటలు వృథా పోవుగా, డ్యూటీ గంటల్లో కలుస్తాయిగా అని అడగొచ్చు. కలుస్తాయి. రెండు వారాలకి 104 గంటలు దాటితే ఓవర్‌టైము వస్తుంది. కాదనను. కానీ బండి నిలబెట్టే నిర్ణయం కంట్రోలుది, తగ్గే డబ్బు డ్రైవరుది. మా వీధి చివర ఆటోవాడు కూడా వెయిటింగు చార్జీ విడిగా అడుగుతాడు. గూడ్సు డ్రైవరుకి లూపు లైను గంటల్ని ఏదో ఒక కిలోమీటరు రేటుకి కట్టి ఇవ్వడం న్యాయమని నా అభిప్రాయం. బిల్లులు చేసిన చెయ్యి కాబట్టి చెబుతున్నాను, లెక్క వెయ్యడం కష్టమేం కాదు. ఎక్కడ ఎంతసేపు ఆగిందో ఇప్పుడు ప్రతి నిమిషం కంప్యూటర్లో ఉంటుంది.

పోనీ మైలేజీ పద్ధతి ఎత్తేసి అందరికీ ఒకే జీతం చెయ్యమని డ్రైవర్ల సంఘాలు అడుగుతున్నాయా అంటే, అడగడం లేదు. రేటు పెంచమనే అడుగుతున్నాయి. ఎందుకంటే ఈ మైలేజీ వల్లే పదవీ విరమణ నాడు పెద్ద లాభం ఉంది. పెన్షను, గ్రాట్యుటీ లెక్కించేటప్పుడు మూలవేతనానికి 30 కాదు, 55 శాతం కలుపుతారు. చివరి మూలవేతనం 80 వేలనుకుంటే 1,24,000 మీద సగం, అంటే 62 వేలు పెన్షను. అదే మూలవేతనంతో దిగిపోయిన ఆఫీసు మనిషికి 40 వేలు. అయితే ఇది పాత పెన్షను ఉన్నవాళ్ళ మాట. 2004 జనవరి నుంచి చేరినవాళ్ళు కొత్త పెన్షను పథకంలో ఉన్నారు, వాళ్ళకి ఈ 55 ముచ్చట అలా లేదు. ఇప్పుడు ఇంజన్లలో ఉన్నవాళ్ళలో వాళ్ళే ఎక్కువ.

ఇంకో సంగతి. డ్రైవరు బండి దిగితే జీతమూ దిగుతుంది. సెలవు పెడితే ఆ రోజులకి మైలేజీ బదులు ఇందాకటి 30 శాతమే కడతారు. మన 35,400 మనిషికి అది రోజుకి 354 రూపాయలు. వైజాగు ట్రిప్పుకి 1,820 సంపాదించే మెయిలు డ్రైవరు పెళ్ళికని వారం సెలవు పెడితే ఎంత పోయిందో ఇంటికొచ్చాక లెక్కేసుకుంటాడు. రన్నింగు కాని పనిమీద వేరే ఊరు పంపితే మాత్రం రోజుకి 160 కిలోమీటర్లు నడిపినట్టు రాస్తారు. 2020 మార్చిలో ప్రయాణికుల రైళ్ళన్నీ ఆగిపోయినప్పుడు గూడ్సు బండ్లు నడిచాయి, పైగా దారి ఖాళీగా ఉండి ఎన్నడూ లేనంత వేగంగా నడిచాయి. గూడ్సువాళ్ళకి కిలోమీటర్లు పడ్డాయి, మెయిలువాళ్ళవి పడిపోయాయి. సీనియరు కంటే జూనియరు జీతం కాగితం బరువుగా ఉన్న నెలలవి.

కళ్ళ సంగతీ అంతే. 45 ఏళ్ళ దాకా నాలుగేళ్ళకోసారి, 55 దాకా రెండేళ్ళకోసారి, ఆపైన ఏటేటా వైద్యపరీక్ష. అందులో తప్పితే ఉద్యోగం పోదు, వేరే సీటు ఇస్తారు, మూలవేతనానికి 30 శాతం కలిపి జీతం నిర్ణయిస్తారు. కానీ మైలేజీ మీద లెక్కేసుకుని ఇంటికి అప్పు చేసినవాడికి ఆ పూట నుంచి కిస్తీ ఎలా కట్టాలన్న దిగులు మొదలవుతుంది. మా సెక్షనుకి అలాంటివాళ్ళు వచ్చి కూర్చునేవాళ్ళు. "బండి ఎక్కకుండా ఎంతొస్తుందో ఓసారి వేసి చూడండి గురువుగారూ" అనేవాళ్ళు. వేసి చూపిస్తే, మళ్ళీ ఒకసారి వెయ్యమనేవాళ్ళు.

డ్రైవర్ల పని చూసే లోకో ఇన్‌స్పెక్టరుగా ప్రమోషనొస్తే వద్దనేవాళ్ళుంటారంటే ఆశ్చర్యం లేదు. హోదా పెరుగుతుంది, రాత్రుళ్ళు ఇంటి దగ్గర పడుకోవచ్చు. మైలేజీ పోతుంది. మూలవేతనంలో 30 కలుస్తుంది గానీ, రేపు పెన్షను దగ్గర 55 శాతం ఉన్న జూనియరు ముందుకెళ్ళిపోతాడు. దీనిమీద ఏళ్ళ తరబడి అర్జీలు నడిచాయి.

ఈ కిలోమీటరు కూలి మనం కనిపెట్టింది కాదు. అమెరికాలో ఆవిరి యంత్రాల కాలంలో నూరు మైళ్ళు నడిపితే ఒక రోజు పనిగా లెక్క. అప్పటి గూడ్సు బండికి నూరు మైళ్ళు పోవడానికి ఒక రోజంతా పట్టేది మరి. అక్కడ 1916లో ఆడమ్సన్ చట్టం రైల్వేలకి ఎనిమిది గంటల పనిదినం తెచ్చాక కూడా ఆ నూరు మైళ్ళ లెక్క పోలేదు. బండ్ల వేగం పెరిగి నూరు మైళ్ళు నాలుగైదు గంటల్లో తెమిలిపోతున్నా, 1980ల దాకా అలాగే నడిచింది. మన రైల్వేలో రోజుకి 160 కిలోమీటర్లన్నానే, మైళ్ళలోకి మార్చుకుంటే అదీ సుమారు నూరే. బ్రిటన్‌లో మాత్రం ఇప్పుడు స్థిర జీతం. అక్కడి డ్రైవర్ల సంఘం అస్లెఫ్ 1880లో పుట్టింది. 2024లో రెండేళ్ళ సమ్మెల తరవాత మూడేళ్ళకి కలిపి 15 శాతం పెంపుకి ఒప్పందం కుదిరింది. సగటు జీతం 60 వేల పౌండ్ల దగ్గర్నుంచి 70 వేల దగ్గరికి వెళ్ళింది. చాలా కంపెనీల్లో వారానికి నాలుగు రోజులు, 35 గంటలు. ఆదివారం నడిపితే విడిగా డబ్బు. దాన్ని రూపాయల్లోకి మార్చి గుండె బాదుకోనక్కర్లేదు, లండన్‌లో ఇంటద్దె కూడా పౌండ్లలోనే కట్టాలి. చూడాల్సింది ఆ నాలుగు రోజుల్ని.

గంటల కోసం మనవాళ్ళూ పోరాడారు. ఒకప్పుడు ఇంజను ఎక్కితే పద్నాలుగు గంటలకి దిగుతాడో పదహారు గంటలకి దిగుతాడో చెప్పలేకపోయేవాళ్ళు. 1973 ఆగస్టులో లోకో రన్నింగు స్టాఫు పని మానేశాక, అప్పటి రైల్వే మంత్రి లలిత్ నారాయణ్ మిశ్రా పది గంటల డ్యూటీకి ఒప్పుకున్నారు. మరుసటి ఏడు మే 8న కార్మిక నాయకుడు జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వాన మొదలైన రైల్వే సమ్మె ఇరవై రోజులు నడిచి, అణచివేతతో ముగిసింది. అప్పుడు ఉద్యోగాలు పోయినవాళ్ళని 1977లో జనతా ప్రభుత్వం వచ్చాక వెనక్కి తీసుకున్నారు. ఇప్పటి నిబంధన ప్రకారం బండి నడిపే సమయం తొమ్మిది గంటలు, సైన్ ఆన్ నుంచి సైన్ ఆఫ్ దాకా పదకొండు. నెలకి 30 గంటల చొప్పున నాలుగు విశ్రాంతులు, లేదా 22 గంటల చొప్పున అయిదు. ఇంటికొచ్చాక మామూలుగా ఇచ్చే 16 గంటలు ఈ 30లో కలిసినట్టా, విడిగానా అన్నదే పెద్ద తగాదా. విడిగానే, అంటే 46 గంటలు ఇవ్వాలని 2024 జూన్‌లో దక్షిణ రైల్వే డ్రైవర్లు తమంతట తామే 46 గంటలు ఇంట్లో ఉండిపోయారు. ఇలాంటి డిమాండ్లతోనే 2025 ఫిబ్రవరిలో దేశమంతటా లోకో సిబ్బంది 36 గంటలు నిరాహార దీక్ష చేశారు.

ఆ దీక్ష డిమాండ్లలో మైలేజీ కూడా ఉంది. 2024 జనవరిలో కరువు భత్యం 50 శాతానికి చేరగానే, నిబంధన ప్రకారం మిగతా ఉద్యోగుల టీఏ 25 శాతం పెరిగింది. మైలేజీ పెరగలేదు. మైలేజీలో టీఏ కలిసుందని చెప్పి డ్రైవరుకి విడిగా టీఏ ఇవ్వరు. టీఏ పెరిగినప్పుడేమో మైలేజీ టీఏ కాదంటారు. ఈ ఒక్క విషయంలో డ్రైవర్ల వాదనకి ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆదాయపు పన్ను దగ్గరా ఇదే పేచీ. పాత పన్ను విధానంలో మైలేజీలో 70 శాతానికి మినహాయింపు ఉంది, కానీ అది నెలకి పది వేలు మించకూడదన్నది చాలాకాలం నియమం. 20,800లో 70 శాతం 14,560 అవుతుంది. పది వేల దగ్గర కత్తెర పడేది. టీఏ మీద మిగతావాళ్ళకి అలాంటి కత్తెర లేదు.

ఎనిమిదో వేతన సంఘం విధివిధానాలకి 2025 అక్టోబరు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదం ఇచ్చింది. నివేదికకి 18 నెలల గడువు. కిందటిసారి మూలవేతనం ఒక ఏడు, మైలేజీ ఇంకో ఏడు, దాని ఉత్తర్వు మరో రెండేళ్ళకి వచ్చాయి. ఈసారీ అలాగే ఆలస్యమైతే, ఈ మధ్యలో రిటైరయ్యే డ్రైవర్లకి పాత గుమాస్తాగా ఒక సలహా. నెలనెలా మీ ట్రిప్పుల వివరాలు, నడిపిన కిలోమీటర్లు, జీతం కాగితంతో పాటు ప్రింటు తీసి ఇంట్లో ఓ ఫైల్లో పెట్టుకోండి. బకాయిలు వచ్చేనాటికి మీ పాత సెక్షనులో మీ మొహం తెలిసినవాడు ఉండడు. కిలోమీటర్ల కాగితం తెచ్చారా అనే అడుగుతాడు.